ఎలుగుబంట్ల అడవిలో విల్లు వేట: ఆత్మరక్షణకు ఏ పిస్టల్? భౌతికశాస్త్రం ఏం చెబుతోంది?

2018 సెప్టెంబరు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో టీటన్ వైల్డర్‌నెస్ అనే అటవీ ప్రాంతం. ఒక వేట గైడు, అతని వెంట వచ్చిన వేటగాడు ముందురోజు బాణంతో కొట్టిన ఎల్క్‌ను వెతికి పట్టుకుని మాంసం కోస్తున్నారు. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్దదైన జింక. అంతలో చెట్ల మధ్య నుంచి ఒక తల్లి గ్రిజ్లీ ఎలుగుబంటి, ఎదిగిన పిల్లతో సహా, పరుగున వచ్చి మీద పడింది.

వాళ్ల దగ్గర 10 ఎం.ఎం. పిస్టల్ ఉంది. కానీ అది ఒంటిమీద లేదు. కొంచెం ఎడంగా సంచుల దగ్గర ఉంది. వేటగాడు దాన్ని అందుకోగలిగాడు కానీ గైడుకు తగలకుండా కాల్చే వీలు చిక్కలేదు. గైడువైపు విసిరాడు, అది చేరలేదు. వేటగాడు గాయాలతో తప్పించుకున్నాడు. గైడు ప్రాణాలు పోయాయి. అతను మిరపకారపు స్ప్రే కూడా కొట్టాడని తర్వాతి దర్యాప్తులో తేలింది.

రాకీ పర్వతాల్లో, అలాస్కాలో విల్లుతో వేటాడేవారి మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న చర్చ ఒకటుంది: ఎలుగుబంట్లున్న అడవికి వెళ్లేటప్పుడు రక్షణకు ఏ చేతి తుపాకీ తీసుకెళ్లాలి? 9 ఎం.ఎం. సరిపోతుందా, 10 ఎం.ఎం. కావాలా, .44 మాగ్నమ్ తప్పదా? ఈ చర్చంతా తూటా సైజు చుట్టూ తిరుగుతుంది. పై సంఘటనలో మాత్రం తూటా సైజు ప్రసక్తే రాలేదు. అక్కడ కొరవడినవి సమయం, దూరం. అందుకే ఈ ప్రశ్నను ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే మొదటి నుంచి పరిశీలిద్దాం. మనకు తెలుసనుకున్న కొన్ని విషయాలు తలకిందులవుతాయి.

విల్లు వేటగాడికే ఎందుకీ చిక్కు?

రైఫిల్ ఉన్న వేటగాడు 200 మీటర్ల దూరం నుంచి కాల్చగలడు. విల్లు వేటగాడు జంతువుకు 30, 40 మీటర్ల దగ్గరికి వెళ్లాలి. అందుకోసం చెట్ల రంగులో కలిసిపోయే బట్టలు వేసుకుంటాడు. చప్పుడు చేయకుండా నడుస్తాడు. తన వాసన జంతువుకు చేరకుండా గాలికి ఎదురుగా సాగుతాడు. ఎల్క్‌ను రప్పించడానికి దాని అరుపునే అనుకరిస్తాడు. వేళ కూడా తెల్లవారుజాము, మునిమాపు.

ఎలుగుబంట్లున్న చోట నడిచేవారికి అటవీ అధికారులు చెప్పే జాగ్రత్తలు సరిగ్గా వీటికి వ్యతిరేకం: మాట్లాడుతూ నడవండి, మీ ఉనికి ముందే తెలియనివ్వండి, గుంపుగా వెళ్లండి, ఉదయం, సాయంత్రం మసక వేళలు మానుకోండి. ఎలుగుబంటిని ఉలిక్కిపడేలా చేయడానికి ఏమేం కావాలో అవన్నీ విల్లు వేటలో ఉన్నాయి. పైగా అక్కడ విల్లు వేట ముఖ్యంగా సెప్టెంబరులో సాగుతుంది. శీతాకాలపు నిద్రకు ముందు కొవ్వు పెంచుకోవడానికి ఎలుగుబంట్లు రోజంతా తిండి కోసం తిరిగే కాలం కూడా అదే.

ఇంకో చిక్కు బాణం పనిచేసే తీరులో ఉంది. పదునైన బాణపు మొన రక్తనాళాలను తెంచి, రక్తస్రావంతో జంతువును చంపుతుంది. తగిలిన జంతువు కొంతదూరం పరుగెత్తి పడిపోతుంది. వేటగాడు అరగంటో, కొన్ని గంటలో ఆగి జాడ పట్టుకుంటూ వెళ్తాడు. సాయంత్రం కొట్టినదైతే ఒక్కోసారి మర్నాడే వెతుకుతాడు. ఆలోగా రక్తపు వాసన ఎలుగుబంటికి అందవచ్చు. కళేబరం దగ్గరికి వేటగాడు చేరేసరికి, అది తనదేనని అనుకునే ఇంకొకరు అక్కడ ఉండవచ్చు.

రెండు సెకన్ల లెక్క

గ్రిజ్లీ గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అంటే సెకనుకు దాదాపు 15 మీటర్లు. పొదల చాటు నుంచి 30 మీటర్ల దూరంలో అది పరుగు మొదలుపెట్టిందనుకుందాం.

30 ÷ 15 = 2 సెకన్లు.

ఈ రెండు సెకన్లలో మనిషి చేయాల్సిన పనులు చూడండి. వస్తున్నది ఏమిటో గుర్తించడానికి అర సెకను. చేతిలోని విల్లు వదిలేసి పిస్టల్ పిడి పట్టుకోవడానికి ఇంచుమించు మరో అర సెకను. ఒరలోంచి లాగి, గురిపెట్టి, మొదటి తూటా వదలడానికి బాగా సాధన చేసినవారికి కూడా ఒక సెకను పడుతుంది. మొత్తం రెండు సెకన్లు. మొదటి తూటా పేలేసరికి ఎలుగుబంటి మన మీదే ఉంటుంది. రెండో తూటాకు సమయం లేదు.

ఇప్పుడు ఇదే లెక్కను 45 మీటర్ల దూరంతో చేయండి. మూడు సెకన్లు వస్తాయి. ఒక్క సెకను తేడాతో రెండు మూడు తూటాలకు వీలు దొరుకుతుంది. జేబులో ఎంత పెద్ద తుపాకీ ఉన్నా, 15 మీటర్లు ముందుగా చూసిన కళ్లు దానికన్నా ఎక్కువ మేలు చేస్తాయి. పిస్టల్ వీపు సంచిలో ఉంటే? దాన్ని దించి, జిప్పు తీసి, చేయి పెట్టేసరికి పది సెకన్లు. అంటే ఈ లెక్కలో ఆ తుపాకీ లేనట్టే.

‘పడగొట్టే శక్తి’ అనే అపోహ

తుపాకీ ప్రకటనల్లో, సినిమాల్లో తరచూ వినిపించే మాట ‘పడగొట్టే శక్తి’. పెద్ద తూటా తగిలితే జంతువు వెనక్కి ఎగిరిపడుతుందని దీని అర్థం. నిజమెంతో కొలుద్దాం.

సాధారణంగా దొరికే కొన్ని తూటాల బరువు, వేగం, గతిజశక్తి, ద్రవ్యవేగం సుమారుగా ఇలా ఉంటాయి. తయారీని బట్టి, తుపాకీ గొట్టం పొడవును బట్టి ఈ అంకెలు మారుతుంటాయి.

9 ఎం.ఎం.: 8 గ్రాములు, సెకనుకు 350 మీటర్లు, 490 జౌళ్లు, 2.8 కి.గ్రా.మీ/సె.
.357 మాగ్నమ్: 10.2 గ్రాములు, 380 మీటర్లు, 740 జౌళ్లు, 3.9 కి.గ్రా.మీ/సె.
10 ఎం.ఎం. ఆటో: 13 గ్రాములు, 365 మీటర్లు, 870 జౌళ్లు, 4.7 కి.గ్రా.మీ/సె.
.44 మాగ్నమ్: 15.6 గ్రాములు, 410 మీటర్లు, 1,310 జౌళ్లు, 6.4 కి.గ్రా.మీ/సె.
పోలిక కోసం, .30-06 రైఫిల్: 11.7 గ్రాములు, 820 మీటర్లు, 3,930 జౌళ్లు, 9.6 కి.గ్రా.మీ/సె.

ఇప్పుడు 160 గ్రాముల క్రికెట్ బంతిని తీసుకుందాం. ఫాస్ట్ బౌలర్ దాన్ని గంటకు 144 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 40 మీటర్లతో వేశాడనుకుందాం. ద్రవ్యవేగం 0.16 × 40 = 6.4 కి.గ్రా.మీ/సె. చేతి తుపాకుల్లో మహాబలశాలిగా పేరున్న .44 మాగ్నమ్ తూటాకూ ఇంతే. బంతి ఛాతీకి తగిలితే బ్యాట్స్‌మన్ నొప్పితో విలవిల్లాడతాడేమో కానీ వికెట్ల మీదికి ఎగిరిపడడు.

250 కిలోల గ్రిజ్లీ సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తుంటే దాని ద్రవ్యవేగం 3,750 కి.గ్రా.మీ/సె. ఎదురుగా తగిలిన .44 తూటా అందులో 6.4 తగ్గిస్తుంది. ఎలుగుబంటి వేగం 15 నుంచి 14.97 మీటర్లకు పడిపోతుంది, అంతే. తేడా సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు! ఏ చేతి తుపాకీ అయినా నెట్టుడు బలంతో ఎలుగుబంటిని ఆపలేదు. న్యూటన్ మూడో నియమం ప్రకారం చూసినా ఇది తేలికగా అర్థమవుతుంది. తూటా జంతువును ఎగరగొట్టేంత బలంగా నెట్టేదైతే, కాల్చిన మనిషిని కూడా అంతే బలంగా వెనక్కి పడేసేది.

మరి తూటా ఎలా ఆపుతుంది?

రంధ్రం చేసి. ఆ రంధ్రం ఎక్కడ, ఎంత లోతుగా పడిందన్నదే అసలు విషయం.

సెకనుకు 600 మీటర్లు దాటిన రైఫిల్ తూటాలు దారి చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా బలంగా సాగదీసి చింపుతాయి. చేతి తుపాకీ తూటాల వేగం అందుకు చాలదు. అవి దాదాపు తమ వెడల్పు మేరకే గాయం చేస్తాయి. మాంసం, ఊపిరితిత్తుల వంటివి సాగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. కాబట్టి దాడికి వచ్చే జంతువును వెంటనే ఆపాలంటే తూటా మెదడునో, వెన్నుపామునో చేరాలి. లేదా భుజం ఎముక వంటి పెద్ద ఎముకను విరిచి నడక చెడగొట్టాలి.

గుండెకు తగిలితే చాలదా? చివరికి చనిపోతుంది, నిజమే. కానీ గుండె ఆగిన తర్వాత కూడా మెదడులో మిగిలిన ఆక్సిజన్ పది సెకన్ల వరకు పనిచేయిస్తుంది. సెకనుకు 15 మీటర్ల లెక్కన పది సెకన్లంటే 150 మీటర్లు. ఎలుగుబంటి మనకు 20 మీటర్ల దూరంలో ఉంది!

ఎదురుగా తల వంచుకుని వచ్చే ఎలుగుబంటి మెదడుకు చేరాలంటే తూటా ఏటవాలుగా ఉన్న మందమైన పుర్రెను దాటాలి. ఛాతీలోంచి వెన్నెముకను చేరాలంటే బొచ్చు, కొవ్వు, కండ, ఎముక అన్నీ దాటాలి. ఇక్కడే పిస్టల్ కన్నా ముందు తూటాను ఎంచుకోవాలన్న సంగతి బోధపడుతుంది.

మనుషుల నుంచి రక్షణ కోసం అమ్మే తూటాల్లో ఎక్కువ భాగం ముందు గుంట ఉన్నవి. తగలగానే పువ్వులా విచ్చుకుంటాయి. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే అడ్డుకొలత వైశాల్యం 2.25 రెట్లవుతుంది. నిరోధం పెరిగి త్వరగా ఆగిపోతుంది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ప్రమాణం ప్రకారం పరీక్షల్లో వాడే జెలటిన్ దిమ్మలో అలాంటి తూటా 12 నుంచి 18 అంగుళాలు, అంటే 30 నుంచి 46 సెంటీమీటర్ల లోతులో ఆగాలి. మనిషి విషయంలో ఇది మంచి గుణం. వెనకున్న వారికి తగలదు. ఎలుగుబంటి విషయంలో ఇదే లోపమవుతుంది.

అందుకే గ్రిజ్లీ ప్రాంతంలో తిరిగేవారు విచ్చుకోని తూటాలు వాడతారు. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి గట్టిపరిచి, ముక్కు బల్లపరుపుగా పోతపోసినవి ఇందులో ముఖ్యమైనవి. ఆకారం మారదు కాబట్టి నేరుగా, లోతుగా దిగుతాయి. తూటా బరువును దాని అడ్డుకొలత వైశాల్యంతో భాగిస్తే చొచ్చుకుపోయే గుణానికి ఒక అంచనా దొరుకుతుంది. పై జాబితాలోని 9 ఎం.ఎం. తూటాకు ఇది చదరపు మిల్లీమీటరుకు 0.126 గ్రాములు. 10 ఎం.ఎం.కు 0.16, .44కు 0.167. గమనించారా? చివరి రెండింటికీ ఈ కొలతలో తేడా చాలా తక్కువ.

2016లో అలాస్కాలో ఒక గైడు 9 ఎం.ఎం. పిస్టల్‌తోనే దాడికొచ్చిన గోధుమరంగు ఎలుగుబంటిని చంపి, తన వెంట ఉన్నవారిని కాపాడాడు. అతను వాడింది బరువైన, గట్టి సీసపు తూటాలు. అంతమాత్రాన 9 ఎం.ఎం. చాలని తీర్మానించకూడదు. ఆ గైడు దశాబ్దాల అనుభవం ఉన్నవాడు. కానీ తూటా ఎంపిక ఎంత తేడా తెస్తుందో ఇది చూపుతుంది.

మణికట్టు మీద మూడో నియమం

తూటా ముందుకు వెళ్తే తుపాకీ వెనక్కి తన్నాలి. ఎంత బలంగా? తూటా ద్రవ్యవేగానికి, దాని వెంట బయటికొచ్చే మందు వాయువుల ద్రవ్యవేగాన్ని కలపాలి. .44 మాగ్నమ్‌కు ఇది మొత్తం సుమారు 8 కి.గ్రా.మీ/సె. తుపాకీ బరువు 1.3 కిలోలైతే అది సెకనుకు 6.2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఆ శక్తి 25 జౌళ్లు.

కొండలెక్కేవారు ప్రతి వంద గ్రాములూ లెక్కపెట్టుకుంటారు. అందుకని తేలిక లోహాలతో చేసిన 0.7 కిలోల .44 రివాల్వర్లు కూడా వచ్చాయి. లెక్క మళ్లీ చేయండి: 8 ÷ 0.7 = 11.4. శక్తి 46 జౌళ్లు. బరువు సగానికి దగ్గరైతే తన్ను దాదాపు రెట్టింపయింది. నడుముకు హాయి, మణికట్టుకు నరకం. అలాంటి తుపాకీతో ఎవరూ సరదాగా సాధన చేయరు. నాలుగు తూటాలు కాల్చి పక్కన పెడతారు. తూటా పేలేముందే భయంతో చేయి వణికే అలవాటు కూడా పట్టుకుంటుంది. అదే తూటాలు నింపిన, దాదాపు 1.1 కిలోల 10 ఎం.ఎం. పిస్టల్‌లో ఇది సుమారు 14 జౌళ్లు. త్వరగా మళ్లీ గురికి తెచ్చుకోవచ్చు.

గురి ఎంత సున్నితమైనదో కూడా చూద్దాం. ఆరు మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల వెడల్పున్న లక్ష్యం. మధ్య నుంచి అటూ ఇటూ 7.5 సెంటీమీటర్లు తప్పవచ్చు. పిస్టల్ మీద ముందు గురి, వెనక గురి మధ్య దూరం 16 సెంటీమీటర్లయితే, ముందు కొన ఎంత కదిలితే గురి తప్పుతుంది? 16 × 7.5 ÷ 600 = 0.2 సెంటీమీటర్లు. అంటే రెండు మిల్లీమీటర్లు! రెండు రూపాయి నాణేల మందం కూడా లేదు. గుండె దడదడలాడుతుండగా, పరుగున వస్తూ ఎగిరిపడే తల మీద ఆ రెండు మిల్లీమీటర్లను నిలబెట్టగల తుపాకీయే మనకు సరిపడే తుపాకీ. కాగితం మీద ఎక్కువ జౌళ్లున్నదే సరైనదని చెప్పలేం.

రివాల్వరా, సెమీ ఆటోమేటికా?

రివాల్వర్‌లో సాధారణంగా ఐదారు తూటాలే పడతాయి. కానీ నిర్మాణం సరళం. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి గది వస్తుంది. జంతువు మీద పడినప్పుడు గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి కూడా కాల్చవచ్చు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఇది కుదరకపోవచ్చు. ఆనించి నొక్కితే పైభాగం వెనక్కి జరిగి, పేలే స్థితి తప్పుతుంది. కిందపడి ఒంటిచేత్తో వదులుగా పట్టుకున్నా యంత్రాంగం పూర్తిగా తిరగక ఇరుక్కుపోవచ్చు.

మరోవైపు పూర్తి పరిమాణంలో ఉన్న 10 ఎం.ఎం. పిస్టల్‌లో 15 తూటాలు పడతాయి. పలచగా ఉంటుంది, తన్ను తక్కువ. గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సైనిక దళం సిరియస్, ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి రక్షణకు ఇలాంటి 10 ఎం.ఎం. పిస్టళ్లనే వాడుతుంది. ఏది తీసుకున్నా అడవికి తీసుకెళ్లే తూటాలతోనే ముందుగా పరీక్షించి చూసుకోవాలి. కొన్ని కంపెనీలు తమ గొట్టాల్లో కవచం లేని సీసపు తూటాలు వాడవద్దని చెబుతాయి. చలిలో చిక్కబడే నూనె కూడా ఇబ్బంది పెడుతుంది.

ఎక్కడ తగిలించుకోవాలన్నది ఇంకా ముఖ్యం. వీపు సంచి నడుము పట్టీ కింద హోల్‌స్టర్ నలిగిపోతుంది. అందుకే చాలామంది ఛాతీ మీద అమరే హోల్‌స్టర్ వాడతారు. సంచి ఉన్నా తీసినా, కూర్చున్నా వంగినా చేతికి అందుతుంది. మాంసం కోసేటప్పుడు కూడా తీయాల్సిన పని ఉండదు. టీటన్ సంఘటన నేర్పిన పాఠం ఇదే.

మిరపకారం మాటేమిటి?

1980ల మొదట్లో మాంటానా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జాంకెల్ దగ్గర పరిశోధన చేసిన కేరీ హంట్, ఎలుగుబంట్లను తరిమే రకరకాల పదార్థాలను పరీక్షించారు. బేర్ స్ప్రే చరిత్రలో అది తొలి అడుగు. మన మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసినే ఇందులోనూ ఉండేది. అమెరికా నిబంధనల ప్రకారం క్యాప్సైసిన్, దాని సంబంధిత పదార్థాలు 1 నుంచి 2 శాతం ఉండాలి. ఇది కళ్లు, ముక్కు, గొంతులోని నరాల మీద ఉండే టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. మామూలుగా ఆ గ్రాహకం పనిచేసేది ఒళ్లు కాలినప్పుడు. దీన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ 2021లో వైద్య నోబెల్ బహుమతి పంచుకున్నారు. శరీరంలో ఏదీ తెగదు, కానీ ‘కాలిపోతున్నాను’ అని మెదడుకు సందేశం వెళ్తుంది. ఊపిరి ఆడదు, కళ్లు మూసుకుపోతాయి.

భౌతికశాస్త్రపరంగా దీనికున్న సౌలభ్యం ఆకారం. తూటా ఒక గీత, స్ప్రే ఒక శంకువు. రెండు మిల్లీమీటర్ల లెక్క ఇక్కడ అక్కర్లేదు. ఎలుగుబంటి తానే పరుగెత్తుకొచ్చి ఆ మేఘంలోకి దూరుతుంది. డబ్బా ఎనిమిది, తొమ్మిది మీటర్ల వరకు చిమ్ముతుంది. అంత దూరాన్ని ఎలుగుబంటి 0.6 సెకన్లలో దాటుతుంది. కాబట్టి అది 9 నుంచి 18 మీటర్ల దూరంలో ఉండగానే మొదలుపెట్టాలని చెబుతారు. ఎదురుగాలి, చలి దీనికి శత్రువులు. చలిలో డబ్బాలోని పీడనం తగ్గుతుంది.

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనం అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు స్ప్రే వాడిన 83 సంఘటనలను పరిశీలించింది. గోధుమరంగు ఎలుగుబంట్ల విషయంలో 92 శాతం సార్లు స్ప్రే వాటి ప్రవర్తనను ఆపింది. దగ్గరగా ఎదురైన సందర్భాల్లో స్ప్రే ఉన్నవారిలో 98 శాతం మందికి గాయం కాలేదు. గాయపడినవారెవరికీ ఆసుపత్రిలో చేరే అవసరం రాలేదు. ఇదే బృందం 2012లో తుపాకులు ఉన్న 269 సంఘటనలను పరిశీలించింది. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సార్లు ఎలుగుబంటిని ఆపాయి. గణాంకాల ప్రకారం ఈ తేడా లెక్కలోకి రాదు. తుపాకీ రకం, కాల్చిన తూటాల సంఖ్య ఫలితాన్ని ముందుగా చెప్పలేకపోయాయి. తుపాకీ వెంట ఉన్నవారిలో దాన్ని కాల్చినవారికీ, కాల్చనివారికీ గాయాల రేటు ఒకటిగానే ఉంది.

అయితే 92ను, 84ను పక్కపక్కన పెట్టి ‘స్ప్రేనే గెలిచింది’ అనడం తొందరపాటు. రెండు అధ్యయనాల్లోని సంఘటనలు ఒకే రకం కావు. స్ప్రే వాడిన సందర్భాల్లో కుతూహలంతో, తిండి వాసనకు దగ్గరికొచ్చిన ఎలుగుబంట్లూ ఉన్నాయి. తుపాకీ సందర్భాలు 1883 నుంచి సేకరించినవి. ఎవరికీ ఏమీ కాని సంఘటనలు రికార్డుకెక్కే అవకాశం కూడా తక్కువ. ఏ గణాంకం చదివినా అందులోకి ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అన్న ప్రశ్న వేసుకోవాలి. రెండు అధ్యయనాల నుంచి ధైర్యంగా తీసుకోగలిగేది ఇంతే: స్ప్రే బాగా పనిచేస్తుంది, నేర్చుకోవడం తేలిక. తుపాకీ వాడకంలో నైపుణ్యం ఉన్నవారు మాత్రమే దాని మీద ఆధారపడాలి. ఆ చివరి మాట పరిశోధకులే చెప్పారు.

ఎలుగుబంటికీ ఒక లెక్క ఉంది

అలాస్కా మినహా అమెరికా ప్రధాన భూభాగంలో గ్రిజ్లీలకు 1975 నుంచి చట్ట రక్షణ ఉంది. అప్పట్లో 700, 800 దాకా ఉన్నవి ఇప్పుడు రెండు వేలకు చేరాయి. ఆడ ఎలుగు మొదటిసారి పిల్లల్ని పెట్టేసరికి ఐదారేళ్లు వస్తాయి. ఆ తర్వాత దాదాపు మూడేళ్లకోసారి పెడుతుంది. పిల్లలున్న తల్లిని కాల్చితే పోయేది ఒక్క ప్రాణం కాదు. పైగా పరుగున వచ్చే ప్రతి ఎలుగూ కరవడానికే రాదు. చాలాసార్లు బెదిరించి, కొన్ని మీటర్ల ముందు ఆగి వెనుదిరుగుతుంది. అలాంటప్పుడు తొందరపడి కాల్చిన తూటా, వెళ్లిపోవాల్సిన జంతువును గాయపడిన శత్రువుగా మారుస్తుంది. స్ప్రే కొడితే ఇద్దరూ బతికి ఇంటికి వెళ్తారు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. విల్లు వేట కాలంలో పిస్టల్ ఆత్మరక్షణకే తప్ప వేటకు కాదు. నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కెనడాలో వేటగాళ్లు సాధారణంగా చేతి తుపాకీ వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సెలవులకు ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులకు వెళ్లేవారికి స్ప్రే చాలు. విమానంలో మాత్రం తీసుకెళ్లనివ్వరు, అక్కడికి చేరాకే కొనుక్కోవాలి. నల్ల ఎలుగులే ఉండే యోసెమిటీ పార్కులో స్ప్రే కూడా నిషేధమే.

ఎంపిక ఏ వరుసలో?

ఇప్పటిదాకా చేసిన లెక్కలన్నీ కలిపితే ఎంపిక క్రమం ఇలా ఉంటుంది.

మొదటిది, ఎదురుపడకుండా చూసుకోవడం. కళేబరం దగ్గరికి చప్పుడు చేస్తూ వెళ్లాలి. కాకులు, గద్దలు మూగి ఉన్నాయేమో దూరం నుంచే చూడాలి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు కాపలా కాయాలి. మాంసాన్ని పేగుల కుప్పకు దూరంగా తరలించాలి.

రెండోది, ఛాతీ మీదో నడుముకో స్ప్రే. క్షణంలో తీయగలిగేలా సాధన చేసి ఉండాలి.

మూడోది, పిస్టల్ తీసుకెళ్లేట్టయితే, రెండు సెకన్లలోపు ఒరలోంచి తీసి ఆరు మీటర్ల దూరంలో అరచేతి మందాన వరుసగా కొట్టగలిగినంత బలమైనది మాత్రమే. కొందరికి అది .44 కావచ్చు, ఎక్కువమందికి 10 ఎం.ఎం. లేదా .357 అవుతుంది. చేతికి లొంగని .44 కన్నా చేతికి లొంగిన 9 ఎం.ఎం. మేలు.

నాలుగోది, లోతుగా దిగే, విచ్చుకోని తూటా.

ఐదోది, ఒంటిమీద నుంచి తీయకపోవడం.

మన దగ్గర వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రాణరక్షణ కోసం తప్పనిసరై చంపిన సందర్భాన్ని మినహాయిస్తుంది. కానీ ఎలుగుబంటి ఎదురుపడడం మనకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తెల్లవారుజామున జీడి, కొబ్బరి తోటలకు బయల్దేరే రైతుకు ఆ భయం తెలుసు. అతని దగ్గర పిస్టలూ లేదు, స్ప్రే డబ్బా కూడా లేదు. మన ఎలుగుబంటి గ్రిజ్లీ కన్నా చిన్నదే అయినా, ఉలిక్కిపడితే పారిపోకుండా మీద పడే స్వభావం దానిది. రెండు సెకన్ల లెక్క అక్కడా ఇక్కడా ఒకటే. నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, వెలుగొచ్చాక తోటకు వెళ్లమని అటవీ సిబ్బంది చెప్పేది ఆ రెండు సెకన్లను పది సెకన్లు చేయడానికే.